ఏమండీ అంటేగాని కదలని ఎంజైము

మా ఆయన మీద నాకొక ఫిర్యాదు ఉంది. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఒక్క తప్పూ చేయలేదు. అలాంటి మనిషితో కాపురం ఎంత కష్టమో మీకేం తెలుసు!

అయినా సరే, ఇంటికొక ఆర్‌ఎన్‌ఏ శాస్త్రవేత్త ఉండాలనే నేనంటాను.

ఆయన ల్యాబులో ఆర్‌ఎన్‌ఏ తయారు చేస్తారు. నిజానికి చేసేది ఆయన కాదు, పాలిమరేజ్ అనే ఎంజైము. డీఎన్‌ఏలో ఉన్నది చూసి బుద్ధిగా ఆర్‌ఎన్‌ఏ నకలు తీసిపెడుతుంది. ఒకటే పట్టింపు. డీఎన్‌ఏలో ముందుగా "ఇక్కడ మొదలుపెట్టు" అనే గుర్తుండాలి. లేకపోతే చేతులు కట్టుకుని కూర్చుంటుంది. మా ఇంట్లో ఆ గుర్తు పేరు "ఏమండీ". అది వినపడందే మావారు కుర్చీలోంచి లేవరు.

ఇక ఆర్‌ఎన్‌ఏ మహా సుకుమారి. ఉత్త వేలు తగిలితే ముక్కలైపోతుందట. ఇంతకన్నా వరమేముంది? ప్రయోగం పాడైందా, ఎవరిదో ఒక వేలు సిద్ధం! మొదటిసారి నాది, ఆయన కోటు మడత పెట్టానుగా. రెండోసారి మా అత్తగారిది, వెళ్ళేవాడి భుజం తట్టారట. అప్పటినుంచి ఆవిడ కొడుకుని చూపులతోనే దీవిస్తున్నారు. కూర మాడినప్పుడు మనకింత శాస్త్రీయమైన కారణం దొరుకుతుందా?

మూడోసారి ల్యాబులో గాజుసామాను కడిగే పిన్ని వంతొచ్చింది. పద్దెనిమిదేళ్ళలో ఒక్క సీసా పగలగొట్టని మనిషి. "గ్లవుజులేసుకునే కడిగాను బాబూ" అందట. ఈయన వినలేదు. ఆవిణ్ణి కింది అంతస్తు స్టోరుకు మార్చమని కాగితం రాసి సంచీలో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం నేను ఏమండీ అనలేదు. చిక్కుళ్ళూ చాకూ ఆయన ముందు పెట్టి ఊరుకున్నాను. గంట గడిచింది.

"వంటింకా కాలేదా?"

"మీరు తరగలేదుగా."

"నువ్వు పిలవలేదుగా."

"అన్నీ ఎదురుగానే ఉన్నాయి. పిలవకపోతే మొదలుపెట్టరా?"

"మొదలుపెట్టు... మొదలుపెట్టు..." అని గొణుక్కున్నారు. లేచి వెళ్ళి, డీఎన్‌ఏ తయారుచేసి పంపమని తను కంపెనీకి రాసిన ఆర్డరు తీసి, అక్షరం అక్షరం వేలు పెట్టి చదివారు. మొదలుపెట్టే గుర్తు రాయడమే మర్చిపోయారు. మూడుసార్లూ పాపం ఆ ఎంజైము పిలుపు కోసం చూస్తూ కూర్చుంది! పుట్టనే పుట్టని ఆర్‌ఎన్‌ఏని మేం ముగ్గురం ముట్టుకుని చెడగొట్టామన్నమాట.

మర్నాడు పిన్ని ఫోన్ చేసింది.

"అమ్మాయ్, మీ ఆయన సింకు దగ్గరికొచ్చి కాగితం చించేశాడు. అందరూ వింటుండగా, తప్పు నాదే పిన్నీ అన్నాడు."

"మీరేమన్నారు?"

"కుళాయి చప్పుడులో వినపడలేదన్నాను. మళ్ళీ చెప్పాడు. మూడోసారికి కుళాయి కట్టేశాను."