అచ్యుతరావు గారి కారు ఆలోచిస్తోంది

ఆదివారం పొద్దున్న సాయికిరణ్ వేసుకున్న పథకంలో కష్టమేమీ లేదు. తొమ్మిదింటికి నాన్నగారి కారును అమీర్‌పేటలో మహిపాల్ షెడ్డుకు తీసుకెళ్ళాలి. దానికున్న చిన్న జబ్బు నయం చేయించాలి. పన్నెండింటికి పంజాగుట్టలో ఇల్లు చేరితే, రిషి అనే ఆయన వచ్చి కారు చూసుకుని కొనుక్కుంటాడు. ఒంటిగంటకు భోజనం. మనిషి వేసుకునే పథకాల్లో మామూలుగా నెరవేరేది భోజనం ఒక్కటే. ఆ రోజు అదీ కుదరలేదు.

అది పసుపురంగు స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు. వెనక సీటు ఉందని చెప్పుకోవడానికి ఉంటుంది. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన అచ్యుతరావు గారు, ఎవరు చెప్పినా వినకుండా, దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఆయన పద్ధతి మనిషి. ఇంట్లో ప్రతి స్విచ్చుకీ, ప్రతి డబ్బాకీ ఆయన చేత్తో రాసిన చీటీ అంటించి ఉంటుంది, కింద తారీఖు, పొడి సంతకం. కందిపప్పు డబ్బాకి కూడా.

కారు కొన్న రోజున భార్య అరుణాదేవిని ఎక్కించుకుని షికారు బయల్దేరారు. ఖైరతాబాద్ దగ్గర రోడ్డు ఖాళీగా కనపడేసరికి కాలు ఊరుకోలేదు. ఆవిడ అక్కడే దిగి, ఆటోలో ఇంటికొచ్చి, "ఆ పసుపు భూతాన్ని మళ్ళీ ఎక్కితే ఒట్టు" అంది. మూడేళ్ళపాటు ఒట్టు తప్పలేదు. ఈ ఏడాది మార్చిలో అచ్యుతరావు గారు నిద్రలోనే వెళ్ళిపోయారు. ఏడు నెలలుగా కారు సెల్లార్‌లో దుమ్ము కప్పుకుని పడుకుంది.

సాయికిరణ్ తాళంచెవి తీసేసరికి అరుణాదేవి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "అమ్మేసే ముందు ఒక్కసారి ఎక్కుతాను" అంది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. కోడలు భానుశ్రీ మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని వెనక ఇరుక్కుంది.

జబ్బేమిటో పంజాగుట్ట కూడలిలోనే తెలిసిపోయింది. పచ్చలైటు పడింది. సాయికిరణ్ యాక్సిలరేటర్ తొక్కాడు. కారు కదల్లేదు. ఇంకాస్త తొక్కాడు. కారు కాసేపు ఆలోచించి, సరేలే అన్నట్టు, నిండు చూలాలిలా నడక మొదలుపెట్టింది. వెనక బస్సు డ్రైవరు తల బయటపెట్టి అచ్యుతరావు గారి వంశాన్ని రెండు ముక్కల్లో స్మరించాడు.

"ఇదేంట్రా, ఇంత నెమ్మదా?" అంది అరుణాదేవి.

"నిలబెట్టేశాం కదమ్మా, మూలపడింది. మహిపాల్ చూస్తాడు."

మహిపాల్ షెడ్డు అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందులో, రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఉంది. మహిపాల్ బానెట్ ఎత్తి, లోపలికి చూసి, నిట్టూర్చాడు. ఏ బండిని చూసినా అతను ముందు నిట్టూరుస్తాడు.

"ఎన్కట బండ్లకు తీగ ఉంటుండె అన్నా. తొక్కుతే గుంజుతుండె. గిండ్ల తీగ లేదు. నువ్వు తొక్కుడంటే అర్జీ పెట్టుకునుడే. గా అర్జీ కంప్యూటర్‌కు పోతది. అది మంజూరు చేస్తెనే గాలి మూత తెరుస్తది. నీ అర్జీ యాడనో ఆగుతున్నది."

"నీటిపారుదల శాఖ కారే" అంది వెనకనుంచి భానుశ్రీ.

మహిపాల్ గాలి మూత, అంటే థ్రాటిల్, విప్పి మసి కడిగాడు. బ్యాటరీ తీగ ఊడదీసి మళ్ళీ బిగించాడు. "ఇగ పది నిముషాలు పెడల్ ఎవ్వలు ముట్టొద్దు. పాత అలవాట్లు మర్చిపోయి కంప్యూటర్ కొత్తగ నేర్చుకోవాలె" అన్నాడు. పది నిముషాలయ్యాక సాయికిరణ్ తొక్కాడు. కారు ఆలోచించింది. మళ్ళీ కడిగారు, మళ్ళీ పది నిముషాలు కాచుకున్నారు. కారు మళ్ళీ ఆలోచించింది.

మహిపాల్ చేతులు తుడుచుకుని గొంతు తగ్గించాడు. "మషీన్ల ఏం ఖరాబ్ లేదమ్మా. ఒక మాట అడుగుత, ఏమనుకోకుర్రి. సారుకు పిట్ట ముట్టిందా?"

పదో రోజు పిండం కాకి ముట్టిందా అని అతని ప్రశ్న. సాయికిరణ్ మొహం పాలిపోయింది. ఆ రోజు శ్మశానం గోడ మీద పిండం పెట్టి గంటన్నర నిలబడ్డారు. కాకులు రాలేదు. ఈ ఊళ్ళో కాకుల వాటా కూడా పావురాలే తినేస్తున్నాయి. పోయినవారికి తీరని కోరికేదో ఉంది, మాటివ్వండి అన్నారు పురోహితులు. అందరూ తలో మాటా ఇచ్చారు. చివరికి సాయికిరణ్ ఎవరికీ వినపడకుండా ఏదో గొణిగాడు. మరుక్షణం కాకి వచ్చి వాలింది.

"ఏమని మాటిచ్చావురా?" అంది అరుణాదేవి.

"అదీ... మీ కారు అమ్మను నాన్నా అని."

అరుణాదేవి లెంపలేసుకుంది.

"కాకికి మాటిచ్చి తప్పుతావా! అందుకే కదల్లేదురా ఇది!"

"అమ్మా, ఇది థ్రాటిల్ సమస్య!"

"ఆయన సమస్యే థ్రాటిల్!"

భానుశ్రీ బుద్ధిమంతురాలు. మాట తప్పక తప్పదు కాబట్టి దానికి బదులు వేరే మాటిచ్చి ఒప్పించవచ్చని సూచించింది. మహిపాల్ సరేనన్నాడు, ఎలాగూ కంప్యూటర్ ఇంకో పది నిముషాలు నేర్చుకోవాలి. ముందు భానుశ్రీ బానెట్‌కు దణ్ణం పెట్టి, మామయ్యగారి పాత పత్రికల కట్టలు చెదలు పట్టలేదనీ, తనే తూకానికి వేసిందనీ ఒప్పుకుంది. ఇకమీదట చీటీలున్న డబ్బా ఒక్కటీ పారెయ్యనంది. కారు ఆలోచించింది. సాయికిరణ్ ఏటా తద్దినం సెలవు పెట్టి చేస్తానన్నాడు. కారు అది కూడా నమ్మలేదు. చివరికి భానుశ్రీ సందు చివరి బండి నుంచి ఆయనకిష్టమైన పెసరట్టు తెచ్చి విస్తరాకులో బానెట్ మీద పెట్టింది. అందరూ తలలెత్తి ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు.

కోచింగ్ సెంటర్‌కు టీ విరామం ఇచ్చారు. ముప్ఫై మంది పిల్లలు పుస్తకాలతో సహా వచ్చి తామూ ఆకాశంలోకి చూడసాగారు.

సరిగ్గా అప్పుడే, పన్నెండు దాకా ఆగలేని రిషి, షెడ్డు ఎక్కడుందో ఫోనులో కనుక్కుని వచ్చేశాడు. జనం మధ్యలోంచి దూరి, పలకరింపులు కూడా లేకుండా, ఆశగా డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. తొక్కాడు. కారు ఆలోచించింది. అద్దం దించి పక్కనున్న పిల్లవాడిని అడిగాడు.

"ఏమైంది తమ్ముడూ?"

"గీ కారు సారు చనిపోయిండంట అన్నా. పిట్ట ముడ్తలేదంట. ఆయన పోనిస్తలేడు."

"ఎక్కడ పోయాడు?"

"తెల్వదన్నా. గా సీట్లనే కావొచ్చు."

రిషి దిగిన వేగం ఆ కారు ఏడు నెలల్లో చూసి ఉండదు. "నేను మళ్ళీ ఫోన్ చేస్తానండీ" అన్నాడు సాయికిరణ్‌తో. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు అనే మాట అది, దాని అర్థం అందరికీ తెలుసు. ఈలోగా పెసరట్టు మీద నాలుగు పావురాలు వాలాయి. అది లెక్కలోకొస్తుందా రాదా అని విద్యార్థుల్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి.

అరుణాదేవి కారెక్కి కూర్చుని తలుపేసుకుంది. ఆవిడకు తెలుసు, మాటివ్వవలసింది తనే. చివరి వారం ప్రతి సాయంత్రం ఆయన తాళంచెవి పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేవారు. "ఒక్కసారి ఎక్కు అరుణా. ఇప్పుడు నెమ్మదిగా వెళ్తుంది, నన్ను నమ్ము" అనేవారు. ఈవిడ వెనక్కి తిరక్కుండానే, "మీ మాట నమ్మితే నేను ఖైరతాబాద్‌లో దిగాలి" అనేది. ఎనిమిదో రోజు ఆయన అడగలేదు. ఆ ఉదయం లేవనే లేదు.

"ఎక్కాను కదండీ" అంది ఖాళీ డ్రైవరు సీటుతో. "ఆలస్యమైంది. తప్పే. ఇంకా ఏంటి మీకు?" కళ్ళద్దాలు తీసి తుడుచుకోబోతే చేజారిపోయాయి. డ్రైవరు వైపు పెడళ్ళ కిందికి పోయాయి.

మహిపాల్ వచ్చి, బోర్లా పడుకుని, పెడళ్ళ సందులో చేయి పెట్టాడు. కళ్ళద్దాలు దొరికాయి. చేయి మాత్రం బయటికి రాలేదు.

"గిదేంది?" అన్నాడు లోపల్నుంచి.

పెడల్‌కూ కంప్యూటర్‌కూ మధ్య అగ్గిపెట్టె అంత నల్ల డబ్బా ఒకటి బిగించి ఉంది. "తొక్కుడు జోరు ఎక్కువ తక్కువ చేసే డబ్బా అమ్మా. షౌకు పోరలు జోరు పెంచెతందుకు పెట్టుకుంటరు. తగ్గించుకున్నోన్ని నేనైతే సూడలే. మొత్తం కిందికి పెట్టిండు ఎవడో." టార్చి వేశాడు. "ఏదో రాసున్నది."

దాని మీద చీటీ. తెలిసిన చేతిరాత. *అరుణ కోసం. మార్చరాదు.* కింద తారీఖు, పొడి సంతకం. ఆయన పోవడానికి ఎనిమిది రోజుల ముందుది.

అరుణాదేవి వంగి, టార్చి వెలుగులో, చీటీని కళ్ళద్దాలు లేకుండానే చదివింది. తరవాత, పెళ్ళైన ముప్ఫై ఎనిమిదేళ్ళకు మొదటిసారి, నలుగురిలో ఏడ్చింది. పిల్లలు పుస్తకాలు పట్టుకుని మెల్లగా క్లాసులోకి వెళ్ళిపోయారు.

చీటీ వెనక కథ తెలియని మహిపాల్, మెకానిక్ ధర్మంగా, డబ్బా మీట నొక్కి మామూలుకు మార్చి సాయికిరణ్‌ను తొక్కమన్నాడు. కారు ఈసారి ఆలోచించలేదు. సాయికిరణ్ సందు చివరిదాకా రివ్వున పోయి వచ్చాడు. సందు మొదట్లో ఆటో కోసం నిలబడ్డ రిషి అది చూసి పరుగెత్తుకొచ్చాడు.

"తీసుకుంటానండీ! ఇప్పుడే! ఎవరు పోయినా నాకు ఫరవాలేదు!"

"అమ్మడం లేదండీ" అంది అరుణాదేవి. సాయికిరణ్ వద్దనలేదు. ఎదురుగా తీగ మీద, ఎక్కడినుంచి వచ్చిందో, ఒక కాకి అతన్నే చూస్తోంది. ఆవిడ మహిపాల్ వైపు తిరిగింది. "అది మళ్ళీ ఎలా ఉందో అలా పెట్టెయ్యి నాయనా. ఆయన మార్చరాదన్నారు."

"గట్ల పెడితే బండి నడువది కదమ్మా!"

"మా ఆయన నడిపించుకుంటారు."

మహిపాల్ నిట్టూర్చి పెట్టాడు.

పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేసరికి రెండు దాటింది. వెనక బస్సులు, ఆటోలు, సిమెంటు లారీ ఒకటి, అన్నీ హారన్లే. భానుశ్రీకి కాళ్ళు తిమ్మిరెక్కాయి. అందరికీ ఆకలి. అరుణాదేవి చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఒక సైకిల్ వాళ్ళను దాటి ముందుకు పోయింది.

"మరీ ఇంత నెమ్మదేంట్రా కిరణ్, కాస్త తొక్కు" అంది.

సాయికిరణ్ తొక్కాడు. కారు ఆలోచించసాగింది.