బొట్టు పెట్టి పిలిచిన బీల

ప్రజాభిప్రాయ సేకరణకు హాజరు కావడానికి పెదబీల పొద్దున్నే ఆర్టీసీ బస్సు దిగి, తహసీల్దారు కార్యాలయం వరండాలో బెంచీ మీద కూర్చుంది. సముద్రానికీ ఊరికీ మధ్య ఏడాది పొడుగునా నీళ్ళు నిలిచే చిత్తడి నేల అది. కండక్టరు దానికి పెద్దల టికెట్టే కొట్టాడు. తుంగకు లగేజీ వేశాడు. కొంగలు కిటికీ బయట ఎగురుతూ వచ్చాయి కనుక వాటి జోలికి పోలేదు. కార్యాలయంలో కూడా ఎవరూ ఆశ్చర్యపోలేదు. అటెండరు మాత్రం కాళ్ళు తుడుచుకుని లోపలికి రమ్మన్నాడు. తనకు కాళ్ళు లేవని బీల చెప్పింది. అయితే బయటే ఉండమన్నాడు.

దాన్ని వెంటబెట్టుకొచ్చింది తవిటమ్మ. బీలలో తుంగ కోసి చాపలల్లుకుని బతికే మనిషి, బీల పరిరక్షణ సంఘానికి అధ్యక్షురాలు. బీలను పూడ్చి ఇళ్ళ ప్లాట్లు వేస్తారని తెలిసిన నాటి నుంచి సంఘం చేయని పని లేదు. నడిరోడ్డు మీద వంటావార్పు చేశారు. ఎక్కే గడప, దిగే గడప. బీల పోతే చల్లదనం పోతుంది, వాన మొహం చాటేస్తుంది అని చెప్పి చెప్పి నోళ్ళు నొప్పెట్టాయి. చివరికి అధికారి విసుగెత్తి, నష్టపోయేవాళ్ళు స్వయంగా వచ్చి చెప్పుకోవాలి గాని మధ్యలో మీరెవరన్నాడు. సంఘానికి ఆ మాట సబబుగానే తోచింది.

"ఉత్తినే రమ్మంటే ఎలాగొస్తాది? బొట్టెట్టి పిలవాల," అంది తవిటమ్మ.

పేరంటానికి పిలిచినట్టు గట్టు మీదికెళ్ళి, నీళ్ళకు కుంకుమ పెట్టి, "తప్పకుండా రావాలమ్మా" అని పిలిచింది. బొట్టు పెట్టి పిలిచాక రాకపోవడం మర్యాద కాదు. బీలకు మర్యాద తెలుసు. ఆ మర్యాదే దాని కొంప ముంచింది.

అధికారి మీటింగులో ఉన్నారన్నారు. మర్నాడూ మీటింగే. బీల వరండాలోనే ఉండిపోయింది. అది ఉన్నన్నాళ్ళూ కార్యాలయం చల్లగా ఉందని గుమాస్తాలు కూలరు కట్టేశారు, క్యారేజీలు తెచ్చుకుని దాని పక్కనే తిన్నారు, మిగిలిన పెరుగన్నం చేపలకు వేశారు. తవిటమ్మ అది చూసి మురిసిపోయింది. ఇంతమందికి నచ్చిందంటే ఇక గెలిచినట్టేనని ఊరికి కబురు కూడా పంపింది. పాపం, పిచ్చిది.

విచారణ రోజున అధికారి రికార్డు తిరగేశాడు. అందులో బీలను పోరంబోకు అని రాశారు. ఊళ్ళో పనీపాటా లేకుండా తిరిగేవాళ్ళను తిట్టే మాట కావడంతో బీల కొంచెం చిన్నబుచ్చుకుంది.

"మావాళ్ళు స్థలం తనిఖీకి వెళ్ళారు. అక్కడ మీరు లేరు. ఎండిన గొయ్యి ఉంది," అన్నాడు అధికారి.

"నేనిక్కడ ఉన్నాను కదండీ," అంది బీల.

"ఇక్కడ ఉన్నారంటే అక్కడ లేరనేగా. మీరే ఒప్పుకున్నారు. సంతకం పెట్టండి."

తవిటమ్మ లేచి నిలబడింది. "బాబూ, మీరు రమ్మంటేనే కదా ఒచ్చింది!"

"రమ్మన్నది నిజమే. వచ్చింది కూడా నిజమే. అందుకే ఇంత త్వరగా తేలింది."

బీల కాగితం మీద తడి ముద్ర వేసింది. సాయంత్రానికి ఇద్దరూ ఊరు చేరేసరికి గొయ్యి చుట్టూ కంచె ఉంది, లోపల లారీలు మట్టి దించుతున్నాయి. ప్లాటు ఉన్నవాళ్ళను తప్ప లోపలికి పంపనని వాచ్‌మన్ మర్యాదగానే చెప్పాడు.

"నానే నిన్ను లేపి తెచ్చినాను తల్లీ. ఉన్నకాడ ఉండనిచ్చినా బాగున్ను," అని తవిటమ్మ రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది.

"బొట్టెట్టి పిలిసినావు. రానంటే నువ్వు నొచ్చుకోవా?" అంది బీల.

చీకటి పడుతోంది. చుట్టాన్ని పొమ్మనకూడదు. తవిటమ్మ కళ్ళు తుడుచుకుని, "ఎల్లి రామ్మా," అంది. బీల రోడ్డు పక్క కాలువలోకి దిగి వెళ్ళిపోయింది.

వెళ్ళి రమ్మంది కనుక వానాకాలంలో తిరిగి వచ్చింది. అప్పటికి అక్కడ లేక్‌వ్యూ కాలనీ వెలిసింది. బీల నేరుగా హాళ్ళలోకి వచ్చి, సోఫాల ఎత్తున కూర్చుంది. ప్రభుత్వ అనుమతి ఉన్న ఇళ్ళను ఆక్రమించినందుకు దానికి నోటీసిచ్చారు. తుంగ లేక చాపలు మానేసిన తవిటమ్మ ఆ ఇళ్ళలోనే పాచిపనికి కుదిరింది. నీళ్ళు బయటికి నెట్టిన ప్రతిసారీ ఆమె నోట "ఎల్లి రా" అనే వచ్చేది. నీళ్ళు మళ్ళీ వచ్చేవి.

కాలనీ సంఘం ఆమెను పిలిపించింది. "నీ మాటైతే వింటుంది. ఆ చివర 'రా' తీసేసి చెప్పు," అన్నాడు కార్యదర్శి.

"అలాగనకూడదు బాబూ."

"అయితే పనిలోకి రాకు."

తవిటమ్మకు నాలుక తిరగడానికి కొన్నాళ్ళు పట్టింది. ఒక మధ్యాహ్నం చీపురు పట్టుకుని, గుమ్మం వైపు చూడకుండా, "ఎల్లు," అంది. బీల గడప దగ్గర కాసేపు ఆగింది, మిగతా మాట కోసం. తవిటమ్మ ఆ మాట అనకపోయేసరికి బీల కాలువలోకి దిగి వెళ్ళిపోయింది. ఆ పాపం తనదేనని ఆమె ఈరోజుకీ అనుకుంటుంది.

ఆ తర్వాత అక్కడ వాన పడలేదు. బోర్లు ఎండాయి. మిట్టమధ్యాహ్నం కాకులు కూడా కదలడం మానేశాయి. మళ్ళీ బొట్టు పెట్టి పిలవమని కార్యదర్శే కుంకుమ భరిణె తెచ్చి ఇచ్చాడు. తవిటమ్మ కాలనీ అంతా తిరిగింది, కాలువలోకి దిగి చూసింది. బొట్టు పెట్టాలంటే ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఇంతలో ట్యాంకరు వచ్చింది. అందరూ బిందెలతో వరసకట్టారు. తవిటమ్మ ముందుకెళ్ళి ట్యాంకరుకు బొట్టు పెట్టింది. డ్రైవరు వద్దనలేదు. ఈమధ్య అన్ని కాలనీల్లోనూ పెడుతున్నారట. ఖాళీ ట్యాంకరు కదులుతుంటే వరసలోని వాళ్ళంతా, కార్యదర్శితో సహా, చేతులు జోడించి ఒక్క గొంతుతో "వెళ్ళి రా" అన్నారు.