రాజుగారి పుండు మీద సభ తీర్మానం

ఒక పెద్ద అడవిలో చేదు నిజాలు చెప్పడానికి అడ్డేమీ లేదు. చెప్పే ముందు రాజుగారి నోట్లో తేనెపట్టు ముక్క ఒకటి పెట్టాలి, అంతే.

ఆ రూలు నక్క మంత్రి సుభాషి బుర్రలో పుట్టింది. "ప్రభువులు రోజంతా జనం గోడు వినాలి. నోరన్నా తీపిగా ఉండకపోతే ఎలాగండీ?" అని సభలో కళ్లనీళ్లు పెట్టుకుంది. సింహం వీరజటుడు కరిగిపోయాడు.

అసలు సంగతి వేరు. మైనం నములుతున్న రాజు మధ్యలో ప్రశ్నలు వేయలేడు. వాగు ఎండిపోతోందని జింక చెప్పినా, మేతభూమి ఎవరో కాజేశారని అడవిదున్న మొత్తుకున్నా "ఊఁ, ఊఁ" అనేవాడు. "ప్రభువులు పరిశీలిస్తామన్నారు" అని నక్క ప్రకటించి, తర్వాతివాళ్లని పిలిచేది. పరిపాలన ఇంత సాఫీగా సాగే అడవి ఇంకోటి లేదని కూడా నక్కే చెప్పుకునేది. ఇంకెవరూ చెప్పలేదు మరి.

కొన్నాళ్లకి రాజుగారికి దాహం ఎక్కువైంది. సభ మధ్యలో మాటిమాటికీ లేచి పొద చాటుకి వెళ్లొచ్చేవాడు. "ప్రజల కోసం ఎంత తపనో చూడండి, పాపం, ఒక్కచోట కూర్చోలేకపోతున్నారు" అని నక్క సర్దిచెప్పింది.

అలాంటి రోజుల్లో రాజుగారి కుడి ముందుకాలిలో తుమ్మముల్లు దిగింది. ముల్లయితే తీశారు గానీ పుండు మానలేదు. పెద్దదైంది, అంచులు నల్లబడ్డాయి. చిత్రమేమిటంటే రాజుగారికి నొప్పి తెలియలేదు.

"నొప్పి లేదంటే నయమైనట్టే కదా!" అంది ఎలుగుబంటి. సభ వెంటనే అభినందన తీర్మానం పెట్టింది. అభినందించినవాళ్లంతా తలా ఒక ముక్క తినిపించారు.

ఈ వార్త ఏదుపంది డాక్టరమ్మ కంటకమ్మ చెవిన పడింది. ఆమె నోరు కాస్త కరుకు గానీ చెయ్యి మంచిది. సభకి వస్తూ దారిలో రాజుగారి పొద చాటుకి తొంగి చూసింది. తడి నేల మీద చీమలు బారులు తీరి ఉన్నాయి. మూత్రంలో తీపి పోతోందని ఆమెకి అర్థమైపోయింది.

"ప్రభూ!" అంటూ పరుగెత్తుకొచ్చింది.

"తేనె ఏదమ్మా?" అని నక్క అడ్డం నిలబడింది.

"ఆ తేనె ఆపమని చెప్పడానికే వచ్చానయ్యా!"

"భేషుగ్గా చెప్పండి. కాకపోతే తేనె పెట్టి చెప్పండి."

"బుద్ధుందా నీకు? అది తినే కదా ఆయనకి జబ్బు చేసింది!"

"జబ్బుకి తగ్గట్టు రూలు మార్చుకుంటూ పోతే రూలెందుకమ్మా?"

కంటకమ్మ ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. నక్క మాత్రం జరగలేదు. చివరికి కంటకమ్మే గోరంత ముక్క తుంచి, తలొంచుకుని రాజుగారి నాలుక మీద పెట్టింది. వైద్యం నేర్చిన చేత్తో ఆ పని చేయాల్సి వచ్చినందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

"ప్రభూ, మీకు షుగరు. మన ఎముకల మూలుగలో మరమ్మతు కణాలని కొన్ని ఉంటాయి. ఎక్కడ రక్తనాళం దెబ్బతిన్నా అక్కడికి పరుగెత్తి బాగుచేస్తాయి. నాళం బాగుంటేనే పుండుకి రక్తం అందుతుంది, అందితేనే మానుతుంది."

ముక్క చిన్నది కావడంతో రాజుగారి నోరు తొందరగా ఖాళీ అయింది. "మరి నా కాలి దగ్గరికి ఎందుకు రాలేదు?" అని అడిగాడు. సభంతా ఉలిక్కిపడింది. రాజుగారి గొంతు ఎలా ఉంటుందో చాలామంది మరిచిపోయారు.

"రక్తంలో తీపి పెరిగితే అవి మూలుగ దాటి సరిగ్గా బయటికి రాలేవు. వచ్చినా కొన్నే వస్తాయి. ఆ కొన్నీ దెబ్బ దాకా చేరలేవు, చేరినా నిలిచి పనిచేయలేవు."

"విధుల్లో అలసత్వం!" అని నక్క అందుకుంది. "ప్రభూ, ఆ కణాలన్నిటికీ ఈ రోజే షోకాజ్ నోటీసులిద్దాం."

"అవి సోమరివి కావయ్యా! పాకంలో నానబెట్టి పనిచేయమంటే ఎవరు మాత్రం చేస్తారు?" అని కంటకమ్మ అరిచింది. "ప్రభూ, తేనె ఈ క్షణమే ఆపండి. లేకపోతే కాలు దక్కదు."

రాజు కాలి వంక చూసుకున్నాడు. మొదటిసారి భయం వేసింది. "ఆపేయండి" అన్నాడు.

"చిత్తం ప్రభూ!" అంది నక్క. "కాకపోతే రూలు మార్చాలంటే సభ్యులందరూ అభిప్రాయం చెప్పాలి. అదీ రూలే."

ఎలుగుబంటి ముందుగా లేచింది. అరచేతి మందాన తేనెపట్టు రాజుగారి నోట్లో కుక్కి, "తేనె మానేయాల్సిందే!" అని గంభీరంగా ఉపన్యసించింది. నెమలి ఇంకాస్త పెద్ద ముక్క పెట్టి గట్టిగా బలపరిచింది. అడవిపంది రెండు ముక్కలు పెట్టి, తేనె వల్ల కలిగే అనర్థాల మీద పూటంతా మాట్లాడింది. తీర్మానం వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు. ముక్కలు పెట్టొద్దనబోయిన రాజుగారికి మైనం అడ్డుపడి నోరు పెగల్లేదు. సభ్యురాలు కాదని బయట నిలబెట్టిన కంటకమ్మ నెత్తి కొట్టుకుంటూనే ఉంది. చర్చ మొదలైనప్పుడు మోదుగలు పూస్తున్నాయి, ముగిసేసరికి వానలు పడ్డాయి.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. తేనె ఆగింది. అప్పటికే కుళ్లు పాదం దాటింది. ప్రాణం దక్కాలంటే కాలు తీసేయక తప్పలేదు. కంటకమ్మ ఏడుస్తూనే ఆ పని చేసింది.

"మిగిలిన మూడు కాళ్లు జాగ్రత్త ప్రభూ" అంది కట్టు కడుతూ. "తీపి జోలికి వెళ్లకపోతే ఆ కణాలు మెల్లగా కోలుకోవచ్చు. ఇక మీ ఆహారం మీరు తినండి. మాంసం."

వీరజటుడు వేటకి బయల్దేరాడు. జింక అందలేదు. కుందేలు కూడా అందలేదు. మూడు కాళ్ల మీద ఎంత దూరమని పరుగెత్తగలడు? రొప్పుతూ వచ్చి మళ్లీ సభలో కూలబడ్డాడు. కడుపు కాలిపోతోంది. ఎటు చూసినా జంతువులు దూరదూరంగా జరిగి నిలబడ్డాయి.

నక్క మాత్రం ఎప్పటిలాగే రాజుగారి చెవి పక్కనే ఉంది.

"ప్రభూ, తమ ఆకలి విషయమై ఒక కమిటీ వేద్దాం. అందులో..."

రాజుగారు లేవాల్సిన పని కూడా పడలేదు.

నీతి: రాజుగారికి అతి దగ్గరగా మసలాలనుకునేవాళ్లు ముందు ఆయన కాళ్ల ఆరోగ్యం చూసుకోవాలి.