ప్రేమకుమారి మెదడుకు సన్మానం

మా చెల్లెలు ప్రేమకుమారి చనిపోయిన రోజున తెనాలి మెదడు దాన ప్రోత్సాహక సంఘం తన మొదటి సభను జయప్రదంగా జరుపుకుంది. అది తొంభయ్యారు మే నెల.

పెద్ద తరగతులకు వచ్చినప్పటి నుంచి ఆమెకు లేని గొంతులు వినిపించేవి. ఊరు ఆమెకు చేయని సేవ లేదు. కొందరు వేపమండలతో కొట్టించారు. కొందరు ఉపవాస ప్రార్థనలో తాళ్లతో చేతులు కట్టి కూర్చోబెట్టారు. పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని బాపట్ల బంధువులు ఉచితంగా సెలవిచ్చారు. ఆ తలలో ఏం జరుగుతోందని మాత్రం ఎవరూ అడగలేదు. ఆమే అడిగింది.

దానంగా వచ్చిన మెదళ్లను బెంగళూరులో భద్రపరిచి, జబ్బుల మూలం వెతుకుతారని పేపర్లో చదివి, "అన్నయ్యా, నేను పోయాక నాది వాళ్లకిచ్చెయ్. నాకెటూ ఎవరూ చెప్పలేదు. ఇంకో పిల్లకన్నా చెబుతారు" అంది.

సభ జరిగిన రోజు తెల్లవారుజామున ఆమె పోయింది. ఆలస్యమైతే మెదడు పనికిరాదని, తీసి బెంగళూరు పంపడానికి ఆమెను వెంటనే ఆస్పత్రికి తెమ్మని డాక్టర్ ప్రభుదాస్ కబురు చేశారు. ఈలోగా సంఘం అధ్యక్షులు చలపతిరావు గారు వచ్చారు.

"సభ లేకుండా దానమేంటి మాస్టారూ? పది నిమిషాలండి, అంతే."

చెల్లెల్ని పడుకోబెట్టిన ఐసు పెట్టె సంఘం హాలు వేదిక ఎక్కింది. ముఖ్య అతిథి పున్నారావు గారు రేపల్లె నుంచి దారి పొడవునా దండలు వేయించుకుంటూ వస్తున్నారు. అంతవరకు వక్తలు ఆమె మేధస్సును కొనియాడారు.

పక్కింటి జ్ఞానమ్మ లేచింది. "ఏంటయ్యా చలపతీ, బతికుండగా మీ గేటు దాటనివ్వలేదు, ఇప్పుడు స్టేజీ ఎక్కించావా?"

"అమ్మా, సభా మర్యాద!"

"ఎండ ముదురుతోందండి, ఇక పంపించండి" అని డాక్టరు గారు వేదిక ఎక్కారు. ఆయనకు శాలువా కప్పి కూర్చోబెట్టారు.

పొద్దువాలాక అతిథి గారు వేంచేసి, ఐసు పెట్టెకు కట్టిన రిబ్బను కత్తిరించి, "ఈ మహత్తర మేధస్సును జాతికి అంకితం చేస్తున్నాను" అన్నారు. పెట్టెలో నీళ్లున్నాయి. "ఇక పనికిరాదండి" అన్న డాక్టరు గారి మాట చప్పట్లలో కలిసిపోయింది.

చెల్లెల్ని అమ్మ సమాధి పక్కనే పూడ్చాం. సభ చూసి ఉత్తేజితులై ఊరి పెద్దలంతా తమ మెదళ్లు రాసిచ్చారు. ఇంతవరకు వాడినవి కావు గనుక అవి చెడిపోతాయన్న భయం లేదు.

గొంతులు వినిపించే పిల్లలు మన వీధుల్లో ఇంకా ఉన్నారు. తాళ్లూ ఉన్నాయి. ప్రేమకుమారికి వచ్చిన జబ్బేమిటో ఇంతవరకు ఎవరూ చూడలేదు.