బొట్టు పెట్టుకున్న కారు

మనిషికి పదిహేనేళ్లు నిండితే వయసొచ్చిందనీ, కారుకు పదిహేనేళ్లు నిండితే నేరం చేసిందనీ తేల్చిన నాగరికత మనది. అటువంటి నేరస్తుణ్ణి ఇంటిముందే ఉంచుకుని, సొంత చేతులతో బాగుచేసుకునే పేదల మేలు కోరి గృహ వాహన మరమ్మతుల పర్యవేక్షణ మండలి వెలిసింది. (పేదలను దేవుడు కనిపెట్టి ఉంటాడు. మండలి వారు కూడా కనిపెడుతూనే ఉంటారు.) బానెట్ ఎత్తే ప్రతి పౌరుడూ ముందుగా ఛాసిస్ నంబరు ఫోటోను యాప్‌లో ఎక్కించాలి. అనుమతి రాకముందే స్పానర్ ముట్టుకుంటే కారు తుక్కుకు పోతుంది.

చర్ల దగ్గర సేద్యం చేసుకునే బసవపున్నయ్య కారుకు రేడియేటర్ పైపు పగిలింది. ఆయన భార్య నిర్మలాదేవికి వారానికి రెండుసార్లు భద్రాచలంలో డయాలసిస్. బస్సు కుదుపులకు ఆమె తట్టుకోలేదు. కిరాయి బండికి ఆయన తట్టుకోలేడు. కొత్త పైపు కొనే స్తోమత లేదని తెలిసి, సైకిల్ షాపు మహబూబ్ అలీ పాత ట్యూబు పట్టుకొచ్చాడు.

"ఈ ట్యూబు చుట్టి, తీగతోటి బిగిస్తే భద్రాచలం పోయొచ్చేదాకా ఆగుతది పున్నయ్యన్నా. జల్దీ కానియ్యి."

"ఆగు అలీ. ముందు పర్మిషన్ రావాల."

"ట్యూబు చుట్టనీకి పర్మిషన్ ఏంది? రేపు పంక్చర్ ఏసినా సంతకం కావాల్నా?"

(ఆ నిబంధన పరిశీలనలో ఉంది.)

బానెట్ ఎత్తితే ఛాసిస్ నంబరు కనబడలేదు. ప్రతి దసరాకూ బసవపున్నయ్య సరిగ్గా ఆ నంబరున్న పలక మీదే పసుపు రాసి, గంధమద్ది, కుంకుమ పెట్టేవాడు. పాత బొట్టు మీద కొత్త బొట్టు చేరి, ఇప్పుడది వేలెడు మందాన గట్టిపడింది.

"గీకెయ్యండి. అమ్మవారేమీ అనుకోదు," అంది నిర్మలాదేవి అరుగు మీద నుంచి.

"పెట్టిన బొట్టు ఎట్లా చెరపను?"

"నా కోసం పెట్టిందేగా. నా కోసమే చెరపండి."

ఆయన చాకు తెచ్చాడు. అమ్మవారికి కావలసింది బొట్టా, నంబరా అన్న సందేహం జీవితంలో మొదటిసారి కలిగింది. సందేహం ఉండగా చాకు ఆడించడం పాపమనిపించి, బొట్టుతో సహా ఫోటో తీసి పంపాడు.

యాప్ కాసేపు ఆలోచించింది. "మీ ఆలయం నమోదైనది. ధన్యవాదాలు," అంది.

మర్నాడు పర్యవేక్షణాధికారి రూప్‌సింగ్ తనిఖీకి వచ్చాడు. చెప్పులు గేటు దగ్గరే విడిచి, కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

"సార్, ఇది కారండీ," అన్నాడు బసవపున్నయ్య.

"నాకు కనబడ్తనే ఉంది పెద్దాయనా. యాప్‌కు కనబడాలె గదా."

"అప్పీలు చేసుకుంటా."

"అప్పీలు కారు ఓనర్ చేసుకోవాలె. మీరిప్పుడు ధర్మకర్త."

"అయితే ఇప్పుడే గీకేస్తా."

"గీకితే అపచారం కేసు అయితది. నేనే రాయాలె."

అయినా రూప్‌సింగ్ మంచివాడు. సైకిల్ ట్యూబును జీర్ణోద్ధరణ పద్దు కింద అక్కడికక్కడే మంజూరు చేశాడు. అలీ ట్యూబు చుట్టి బిగించాడు. బసవపున్నయ్య నీళ్లు పోసి, దణ్ణం పెట్టి తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. చుక్క కారలేదు. (ఆ శబ్దాన్ని మండలి సుప్రభాతంగా నమోదు చేసింది.) నిర్మలాదేవి ఆసుపత్రి సంచీతో వచ్చి వెనకసీట్లో కూర్చుంది.

"గర్భగుడిల భక్తులు కూర్చోవద్దు," అన్నాడు రూప్‌సింగ్ మెల్లగా. "ఇంకోటి, గుడి కదలొద్దు."

అలీ చేతులు తుడుచుకున్నాడు. "గుడి కదలదు సరే. రథం కదులుతది గదా సారూ? రథమని రాయి."

రూప్‌సింగ్ ముఖం వెలిగింది. ఫోన్‌లో వెతికాడు. అటువంటి నిబంధన నిజంగానే ఉంది. రథం కదలవచ్చు, భక్తులు ఎక్కవచ్చు, భద్రాచలం దాకా వెళ్లి రావచ్చు. ఏడాదికి ఒక్కసారి.

సాయంత్రానికల్లా అనుమతి వచ్చింది. రోగి పరిస్థితిని సానుభూతితో పరిశీలించిన మండలి ఒక ప్రత్యేక వెసులుబాటు కూడా ఇచ్చింది: ఏడాదిలో ఏ రోజు డయాలసిస్ చేయించుకోవాలో నిర్మలాదేవే నిర్ణయించుకోవచ్చు.