స్కేలయ్య చతుర్థపుట దిగ్విజయం

వినుడు, సభాసదులారా! చేతిలోని ఫోన్లు కాసేపు పక్కన పెట్టి మరీ వినుడు! సహస్రకిరణుడు నడిమింట రాజ్యమేలి, అలసి, పడమటి దిక్కునకు మూరెడు ఒరిగినవాడై రేవునీటిపై కోటానుకోట్ల వెండిరేకులు విరజిమ్ముచుండగా, డీజిలు ధూమమును, తాళ్ళకు పూసిన తారు వాసనయు, ఎండుచున్న నాచు కంపును ఏకమై యాత్రికుల నాసికాపుటములపై ముప్పేట దాడి సలుపుచుండగా, ఆ మహార్ణవతీరమున, మధ్యాహ్నము మూడు గంటల పది నిమిషములకు, విహారయాత్రా మహాశకటమొకటి బుస్సుమని నిట్టూర్చి ఆగెను.

"నలభై నిమిషాలే! హారన్ కొట్టాక ఒక్క క్షణం ఆగను. తర్వాత నన్నని లాభం లేదు," అన్నాడు డ్రైవరు.

ఆ శకటద్వారం నుంచి అందరికన్నా ముందు దూకినవాడెవరనుకున్నారు? సర్వే కార్యాలయంలో ఇరవైఎనిమిదేళ్ళుగా పొలాల హద్దులూ కాలవల వంకరలూ నక్షాలకెక్కిస్తున్న రేఖాధురంధరుడు, పెన్సిలు చెక్కుటలో అద్వితీయుడు, బంధుకోటి నోట స్కేలయ్యగా వినుతికెక్కిన మహావీరుడు! కుడిచేత పెన్సిలు, ఎడమచేత బొమ్మల పుస్తకం, చొక్కా జేబులోంచి చెవి దాకా నిక్కిన అడుగు పొడవు స్కేలు. ఎవరూ నవ్వకండి. ఈయన ఏ కష్టంలో ఉన్నాడో మీకు తెలియదు.

ఈ వీరుడికి ఒక శాపం ఉంది. ఏ మునీ పెట్టలేదు, తనే కొనితెచ్చుకున్నాడు. ప్రయాణం అనగానే కొత్త బొమ్మల పుస్తకం కొంటాడు, మూడు పేజీలు గీస్తాడు, నాలుగో పేజీ దగ్గర "రేపు చూద్దాంలే" అంటాడు. అలా పదకొండు పుస్తకాలు బీరువా పైకెక్కాయి. పన్నెండోది ఈసారి ఆయన భార్యే కొనిచ్చింది. నల్ల అట్ట, దళసరి కాగితం. "ఈసారైనా నాలుగో పేజీ చూడాలని ఉందండీ," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అంది. అందుకే అది ఆయనకు ముల్లులా దిగింది.

ఇక శత్రువును పరిచయం చేస్తాను. ఆవిడకు స్వయానా అన్న, మన వీరుడికి బావగారు, పేకాట సార్వభౌముడు. తీరం వెంట సాగిన ఈ నాలుగు రోజుల యాత్రలో ఆయన సముద్రాన్ని ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. బస్సు వెనక సీట్లో కూర్చుని ఒకటే పేకాట, ఒకటే గెలుపు. పాయింట్లు రాసుకోవడానికి తెచ్చిన కాగితాలు రెండో రోజుకే అయిపోయాయి. బిస్కెట్ల అట్టలు చింపాడు, మ్యాపు వెనకవైపు నింపాడు. చివరికి ఆయన చూపు నల్ల అట్ట పుస్తకం మీద పడింది.

మూడో రోజు సాయంత్రం దాన్ని తీసుకుని తిరగేశాడు. మొదటి పేజీలో లైట్‌హౌస్. నక్షాలు గీసిన చెయ్యి కదా, స్కేలయ్య దాన్ని ఆకాశంలోంచి చూసినట్టు గీశాడు: వృత్తంలో వృత్తం, పక్కన ఉత్తర దిక్కు చూపే బాణం.

"గుండీ బాగా కుదిరింది బావా!" అన్నాడు బావగారు.

రెండో పేజీలో సముద్రం. స్కేలు పెట్టి లాగిన ఒకే ఒక్క గీత.

"ఇది ఇంకా మొదలుపెట్టలేదా?"

మూడో పేజీలో రేవు మెట్లు. బావగారు పుస్తకాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "దువ్వెనకి రెండు పళ్ళు ఊడినట్టున్నాయే," అన్నాడు. బస్సంతా పగలబడి నవ్వింది. అప్పుడు ఆ కపటద్యూతవిశారదుడు చేసిన ప్రతిపాదన ఇది:

"చూడండి బావా, రేపటితో ప్రయాణం ఆఖరు. బస్సు ఊళ్ళో ఆగేలోపు నాలుగో పేజీ నింపండి. చూసినవాళ్ళు ఇదేమిటని అడక్కుండా గుర్తుపట్టాలి. లేదంటే పుస్తకం నాది, హాయిగా పాయింట్లు రాసుకుంటా. ఇక జన్మలో బొమ్మల పుస్తకం మాటెత్తకూడదు. సరేనా?"

"సరే," అన్నాడు స్కేలయ్య. నవ్వుతూనే అన్నాడు గానీ, పుస్తకాన్ని మాత్రం వెనక్కి లాక్కున్నాడు. ఇన్నేళ్ళుగా గీసిన ప్రతి గీత పక్కనా అదేమిటో రాసి పెడితే తప్ప లోకానికి అర్థం కాని మనిషి ఆయన. పేరు రాయకుండానే ఎవరైనా "ఓహో, ఇది ఫలానా" అనే బొమ్మ ఒక్కటి, తన చేత్తో, ఒక్కటంటే ఒక్కటి గీయాలని ఆయన కోరిక. ఎవరికీ చెప్పుకోలేదు, చెబితే నవ్వుతారని.

కనుక, సభాసదులారా, ఆ నలభై నిమిషాలలో ఎనిమిది ఇప్పటికే పెన్సిలు చెక్కుటకు వ్యయమైపోగా, ఆ మహానుభావుడు లంగరేసిన నీలిరంగు పడవనొకదానిని లక్ష్యముగా ఎంచుకొని, రాతిగట్టుపై వీరాసనమున ఆసీనుడై, పుటలను పటపటలాడించుచున్న వాయుదేవుని కన్నెఱ్ఱజేసి చూచి, "ఓరీ ప్రభంజనా! నీ దుందుడుకు చేష్టలు కట్టిపెట్టుము! నా మోచేతి క్రింద నలుగుచున్న ఈ పుట కేవలము కాగితమా? కాదు, నా మానము, నా ప్రాణము!" అని దిక్కులు పిక్కటిల్ల గర్జించెను.

నిజం చెప్పాలంటే ఆయనన్నది, "అబ్బ, ఈ గాలి కాస్త ఆగితే బాగుండు," అని మాత్రమే. వీరులు ఇలా మాట్లాడితే మేమేం పాడి చావాలి చెప్పండి?

ఆ క్షణాన ఆకాశం నుంచి ఒక తెల్లని సముద్రపక్షి బాణంలా దిగి, ఆయన పక్కన పెట్టుకున్న రబ్బరును తినే వస్తువనుకుని ముక్కున కరుచుకుపోయింది. ఒక్కో గీతను తొమ్మిదిసార్లు చెరిపితే గానీ నమ్మని మనిషికి రబ్బరు పోవడమంటే మాటలా? అయినా వెనుదిరగలేదు. పడవలో తాడు చుడుతున్న మనిషిని పిలిచాడు.

"ఏమండీ, మీ పడవ పొడుగెంత?"

"ఎందుకు, కొంటారా?"

"కాదండీ, గీద్దామని."

"గీసుకోండి. దానికి పొడుగెందుకు? ఎదురుగానే ఉందిగా!"

ఎంత సూటి మాట! కానీ మన వీరుడి చెవికెక్కలేదు. కంటితోనే కొలిచాడు, లెక్క కట్టాడు, ముందు అలవాటుగా ఉత్తర దిక్కు బాణం వేశాడు, ఆ తర్వాత పడవను పైనుంచి చూసినట్టు పేజీ మూల బుల్లిగా అంచు గీశాడు. తలెత్తి చూసేసరికి పడవ లేదు. పోటు రావడంతో అది తన దారిన తాను పోయింది. పడవ మనిషి దూరం నుంచి చెయ్యి ఊపుతున్నాడు.

స్కేలయ్య ముఖం మాడిపోయింది. వాచీ చూసుకున్నాడు. పదిహేను నిమిషాలే ఉన్నాయి.

"అయ్యా, కదలనిది కావాలంటే నన్ను గీయండి," అంది పక్కనుంచి ఒక గొంతు. తిరగేసిన చెక్కపెట్టె మీద కూర్చుని చిరిగిన వల అల్లుతున్న ఆవిడ. "ఈ వల అయ్యేసరికి పొద్దుగూకుతుంది. అందాకా నేనెక్కడికీ పోను."

"మనుషుల్ని ఎప్పుడూ గీయలేదమ్మా. మనుషులకి కొలతలుండవు."

"ఎందుకుండవు? బట్టలు కుట్టేవాణ్ణి అడగండి!"

స్కేలయ్య స్కేలు తీసి, వలలో ఆడుతున్న ఆవిడ కుడిచేతి ముందు పట్టుకుని ఒక కన్ను మూశాడు. చెయ్యి కదిలింది. స్కేలు కదిపాడు. చెయ్యి మళ్ళీ కదిలింది.

"ఆ బద్ద తీస్తారా? దారం కనపడటం లేదు," అందావిడ విసుగ్గా.

అహో! ఇరవైఎనిమిది సంవత్సరములు ఎవని హస్తమును వీడలేదో, ఏ దండమును మోపి వేలాది ఎకరముల భూమండలమును కాగితముపై సాధించెనో, ఆ పాదప్రమాణ రేఖాదండమును ఆ వీరుడు గట్టుపై పరిత్యజించెను! ఇక చెరపడానికి రబ్బరు లేదు, ఆసరాకు స్కేలు లేదు, ఆలోచనకు సమయం లేదు. చూశాడు, గీశాడు. మళ్ళీ చూశాడు, మళ్ళీ గీశాడు. వేళ్ళ కణుపులు, చూపుడువేలికి చుట్టుకున్న దారం, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి కాగితం మీద కూర్చున్నాయి.

ఆవిడ తొంగి చూసింది. వల ఒళ్ళో పడిపోయింది.

"అమ్మో, ఇది నా చెయ్యే! బొటనవేలి గోరు సగం లేదని అది కూడా పెట్టేశారే! ఆ మూలనున్నది మాత్రం చెప్పు అడుగులా ఉంది."

"అది పడవమ్మా. పైనుంచి చూస్తే."

"పైనుంచి ఎవరు చూస్తారు?" అంది. అని, కొంచెం మొహమాటంగా, "ఇది నాకిస్తారా? రోజంతా ఊరికే కూర్చుంటావని మా ఆయన ఒకటే సాధింపు. ఇంటికెళ్ళి మొహాన కొడతాను," అంది.

హారన్ మోగింది.

ఇస్తే పందెం పోతుంది, పుస్తకం పోతుంది, జన్మలో ఇంకో పుస్తకం ఉండదు. ఇవ్వకపోతేనో? అడక్కుండా గుర్తుపట్టిన మొదటి మనిషి ఎదురుగా చెయ్యి చాచి ఉంది. రెండో హారన్ కూడా మోగింది. స్కేలయ్య కళ్ళు చెమర్చాయి, సంతోషమో దుఃఖమో ఆయనకే తెలియదు. పేజీ చింపి ఆవిడ చేతిలో పెట్టి, స్కేలు సంగతే మరచి, బస్సు వైపు పరుగు లంకించుకున్నాడు.

బస్సు కదిలింది. బావగారు పేకముక్కలు పంచుతూ చెయ్యి చాచాడు. "ఏదీ నాలుగో పేజీ?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"వలలు బాగుచేసే ఆవిడకి. ఆవిడ చెయ్యే గీశాను. అడక్కుండానే గుర్తుపట్టింది."

వెనక సీట్లన్నీ గొల్లుమన్నాయి. భార్య పుస్తకం తీసుకుని, మూడో పేజీ తర్వాత మిగిలిన చిరుగును వేలితో తడిమింది. ఆవిడకు నమ్మకమే. "చించిన గుర్తు ఉందిగా అన్నయ్యా," అంది.

"చిరుగు చూసి బొమ్మ చెప్పమంటావేంటే? ఇటివ్వు పుస్తకం. నాకు పాయింట్లు ఎక్కువైపోయి రాసుకోవడానికి చోటు లేక ఛస్తున్నా."

"ఇంకా ఊరు రాలేదు కదా బావగారూ," అన్నాడు స్కేలయ్య. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడటం ఎవరూ ఎరగరు. "కాస్త అలాగే ఉండండి. మిమ్మల్ని గీస్తాను."

"నన్నా? ఈ కుదుపుల్లోనా?" అని వెక్కిరించాడు గానీ, బావగారి చెయ్యి అప్పటికే మీసం మీదకు పోయింది. జుట్టు సర్దాడు, ముక్కలు విసనకర్రలా పట్టాడు, పొట్ట లోపలికి బిగించాడు. ఆహా, ఏమా దృశ్యము! గతుకులపై గతుకులు బస్సును ఎగరవేయుచుండగా, మలుపు మలుపునకు పెన్సిలు పక్కదారి పట్టుచుండగా, ఒకడు గీయుచును, ఒకడు ఊపిరి బిగబట్టుచును, ఇరువురును గంటంబావు సేపు వెన్ను చూపక పోరాడిరి. గీసేటప్పుడు స్కేలయ్యకు ఏదీ వదిలిపెట్టే అలవాటు లేదు. హద్దురాయి ఎంత చిన్నదైనా నక్షాలో ఉండాల్సిందే. కనిపించిందల్లా గీశాడు.

ఊరి మొదలు కనపడగానే పుస్తకం అందించాడు. ముందుగా అందుకున్నది పేకాటలో నాలుగు రోజులుగా ఓడిపోతున్న రిటైర్డు లెక్కల మాస్టారు.

"అరె, మన బావగారు! ఆ మీసం, ఆ దర్జా! అచ్చు గుద్దినట్టుంది," అన్నాడు. కళ్ళజోడు పైకి జరిపాడు. "అవునూ, ఈ మోకాలి కిందనుంచి తొంగి చూస్తున్నదేమిటి?"

బావగారు గంతేశాడు. "అడిగాడు! ఇదేమిటని అడిగాడు! పందెం నాది!"

"బొమ్మ ఏమిటని అడగలేదు అన్నయ్యా, మోకాలి కింద ఏముందని అడిగారు," అంది చెల్లెలు. "నువ్వే చెప్పు, ఏముంది?"

బావగారు సీటుకు మరింత అదిమిపట్టి కూర్చున్నాడు. "అది... అసలా బొమ్మలో ఉన్నది నేను కాదు! నా పోలికలే లేవు!"

"మీరు కాకపోతే ఒకసారి లేచి నిలబడండి," అన్నాడు మాస్టారు.

ఆయన లేవక్కర్లేకపోయింది. ఊరి స్టాండు ముందు డ్రైవరు బ్రేకు వేశాడు. బావగారు ఒక్క ఊపు ముందుకు తూలాడు. సీటు మీదనుంచి జారి, అందరూ చూస్తుండగా, జోకరు ముక్క వెల్లకిలా పడింది. స్కేలయ్య గీసిన చోటునుంచే పడింది.

"నేనే," అన్నాడు బావగారు, కిటికీలోకి చూస్తూ.

"వినపడలేదు అన్నయ్యా."

"నేనేనే తల్లీ! బొమ్మలో ఉన్నది నేనే! చాలా?"

కావున, ఓ సభాసదులారా, సమస్త దిగంతములందలి చిత్రకారులారా, పేకాటరాయుళ్ళారా, ఎల్లరును ఆలకింపుడు! రాజ్యములు గెలిచినవారు కలరు, దుర్గములు కూల్చినవారు కలరు. కాని ఉత్తర దిక్కు బాణము లేక, పక్కన పేరు వ్రాయక, ఆరంగుళముల వెడల్పును తొమ్మిదంగుళముల పొడవును గల నాలుగవ పుటను నింపి, శత్రువు చేతనే "నేనే" అనిపించిన వీరుడు ఇతడొక్కడే! జయము, జయము! ఆ జయధ్వానముల నడుమ, బస్సు దిగుతున్న జనం తోసుకుంటున్నా పట్టించుకోకుండా, ఆయన భార్య సీట్లోనే కూర్చుని ఆ పేజీని తనివితీరా చూస్తూ ఉంది. "మా అన్నయ్యే," అంది మళ్ళీ మళ్ళీ, ఎవరూ అడక్కుండానే.