ఐదో నంబరు బస్సూ, మైకు బాబాయి నోరూ

ప్రయాణికులకు శుభవార్త. మన బస్టాండుకు బస్సులు వేళకు రాకపోయినా, ఇకమీదట అచ్చులు మాత్రం స్వచ్ఛంగా వస్తాయి.

ఈ మేరకు మేనేజరుగారు నోటీసు అంటించారు. "ఐ, ఔ అనువాటిలో రెండేసి ధ్వనులు కలవని మా దృష్టికి వచ్చినది. అయినను ఒక్కొక్క అక్షరముగానే వ్రాయుచున్నందున, సిబ్బంది వాటిని విరవక, ఒక్క ఊపున పలుకవలెను." మరి కొన్ని బోర్డుల మీద 'అయిదు' అని విడదీసి రాసి ఉందే అని పెయింటరు అడిగాడు. అట్టి బోర్డులను మనసులో చదువుకోవలెనని సాయంత్రానికి సవరణ వచ్చింది.

మేనేజరుగారి ఎదుట పలుకుబడి పరీక్ష ఉంటుందని చెప్పి, సాధనకు అందరికీ చేతి అద్దాలు పంచారు. నోరు 'అ' దగ్గర తెరిచి, ఆగకుండా 'ఇ' దగ్గరికి జారాలి. డ్రైవర్లయితే బండి అద్దంలో వెనక వచ్చేవాళ్లను చూడడం మానేసి తమ నోళ్లే చూసుకున్నారు. అంత అంకితభావం ఆ బస్టాండు ఎన్నడూ ఎరగదు.

చిక్కు వచ్చిపడింది ఒక్క మైకు బాబాయికే. ఏళ్ల తరబడి బస్సుల నంబర్లు పిలుస్తున్నది ఆయనే. నోరు జారితే ఎవరికైనా మాట పడుతుంది. బాబాయికి కట్టుడుపళ్లు పడతాయి. అందుకే "అ...యిదో నంబరు" అని విడదీసి, నిదానంగా పిలిచేవాడు. పరీక్ష తప్పితే మైకు పోయి, సామాన్ల గదే గతి.

"బిగించుకుని పలకండి, ఏం కాదు," అంది భార్య.

"మేనేజరు ఒళ్లో పడతాయే."

"పడితే పడనీండి. ఆయన మాటలకన్నా శుభ్రంగానే ఉంటాయి."

పడ్డాయి. ఒళ్లో కాదు, ఆయన కాఫీలో.

మైకు మేనేజరుగారి బావమరిదికి దక్కింది. అతని 'ఐ' ఎంత నున్నగా సాగేదంటే, అది 'దో' దాకా చేరేలోపు బస్సు గేటు దాటేది. జనం మురిసిపోయారు. "బస్సుదేముందండీ, రేపూ వస్తుంది. ఏం నోరండీ అది," అనుకున్నారు.

ఒకరోజు ఐదో నంబరు కదిలిపోతుంటే బాబాయి ఉండబట్టలేక సామాన్ల గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. "అ...యిదో నంబరు పోతోంది, ఎక్కండి బాబూ."

ఒక్కరూ లేవలేదు. "ముందు నోరు తిరగడం నేర్చుకో పెద్దాయనా, తర్వాత మమ్మల్ని ఎక్కిద్దువుగాని," అన్నాడు పేపరు చదువుతున్న పెద్దమనిషి. బెంచీలన్నీ నవ్వాయి. బస్సు ఖాళీగా వెళ్లిపోయింది.

నవ్వడం అయ్యాక ఆ పెద్దమనిషే లేచి, పేపరు మడిచి, విచారణ కిటికీ దగ్గరికి వెళ్లాడు. "ఏమండీ, అయిదో నంబరు మళ్లీ ఎప్పుడు?" వెనక క్యూ కట్టినవాళ్లూ అదే అడిగారు, అచ్చం బాబాయిలాగే విడదీసి.

ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.